తలుపు, గడియ, లైటు, కుక్క

మార్చి 5, మంగళవారం

మార్లిస్ ఇంట్లో దొంగలు పడ్డారు. మాకు అందరికన్నా దగ్గరి ఇల్లు అదే, నాలుగు మైళ్లు. ఆదివారం పట్టపగలు, ఆవిడ లోపల కునుకు తీస్తుండగా వచ్చారు. ఒక్క తన్నుకి తలుపు చట్రంతో సహా ఊడొచ్చిందట. వాళ్లాయన పాత తుపాకీ, నొప్పి మాత్రల సీసా, ఫ్రీజర్‌లో ఉన్న జింక మాంసం పోయాయి.

ఇవాళ మా ఆయన ఓర్లిన్, నేను చూడటానికి వెళ్లాం. డెబ్భై మూడేళ్లొచ్చాక మంచం కింద దూరడం నేర్చుకున్నానే వెర్నా, దూరడం సులువే, బయటికి రావడానికే మీ అంబులెన్సు పిలవాల్సొచ్చేలా ఉండింది అని మార్లిస్ నవ్వించింది. నవ్విస్తూనే మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి తలుపు చూసి వచ్చింది. ఓర్లిన్ నవ్వలేదు. తిరిగొస్తూ పికప్‌ను హార్డ్‌వేర్ షాపు ముందు ఆపాడు.

మార్చి 9, శనివారం

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. మా ఆయనకు ఆరు రోజులే పట్టింది.

వెనక తలుపు బందుల నుంచి స్క్రూలు పీకి నా అరచేతిలో పోశాడు. చూడు, ముప్పాతిక అంగుళం, ఇవి గోడ మీద క్యాలెండర్ని కూడా మోయవు, వీటిని నమ్ముకుని ముప్పై నాలుగేళ్లు నిద్రపోయాం మనం అన్నాడు. ఇప్పుడు అన్నిచోట్లా మూడంగుళాలవి బిగించాడు. కిటికీ అద్దాలకు పగిలినా రాలకుండా ఏదో పొర అతికించాడు. ముందు తలుపుని పలకలు కొట్టి మూసేసి, మిగిలిన వెనక తలుపుకి లోపలివైపు ఇనుప అడ్డగడియ పెట్టాడు. ఎత్తి రెండు కొక్కేల్లో పడేస్తే ఎద్దు వచ్చి కుమ్మినా కదలదట.

నా పని నాకుంది. పందొమ్మిదేళ్లుగా మా ఊరి అంబులెన్సులో వాలంటీరుని. రోడ్ల మీద మంచు ఇంకా వదల్లేదు, జింకలు బళ్లకు అడ్డం వస్తున్నాయి. మా బండి చివరి పొలానికి చేరాలంటే నలభై నిమిషాలు. తొడలో పెద్ద రక్తనాళం తెగిన మనిషికి ఉండేది నాలుగైదు. అందుకే ప్రతి పికప్‌లో ఒక సంచి ఉండాలని పట్టుబట్టాను. పాత టెంటు గుడ్డతో పన్నెండు కుట్టాను. లోపల గాజు గుడ్డ, కత్తెర, గ్లౌజులు, మార్కరు, అన్నిటికన్నా పైన టూర్నికెట్, అదే, చుట్టి కర్రతో మెలిపెట్టి రక్తం ఆపే పట్టీ. జనం ఏం చేస్తారంటే, సంచి పుచ్చుకుని థాంక్స్ చెప్పి, సీటు వెనక జాకీ కింద, గొలుసుల కింద పడేస్తారు. ఈసారి నేనే ఒక్కో బండి ఎక్కి హెడ్‌రెస్టుకు కట్టి వస్తాను.

డైనింగ్ టేబుల్ మీద ఒక సగం నా గాజు గుడ్డలు, ఒక సగం ఆయన స్క్రూలు. మధ్యలో ఉన్న ఖాళీలో సూపు తాగాం.

మార్చి 17, ఆదివారం

నిన్న పొద్దున బాస్కెట్‌బాల్ చూస్తున్న ఓర్లిన్‌తో బలవంతంగా సాధన చేయించాను. పట్టీ తనంతట తనే తొడకు వేసుకోవాలి. ఎంత పైకి వీలైతే అంత పైకి. కర్ర తిప్పాలి, నొప్పి పుట్టాక ఇంకా తిప్పాలి. నొప్పికి భయపడి ఆపితే పట్టీ కట్టీ దండగ. మొదటిసారి నిమిషన్నర పట్టింది. ఏడోసారికి ఇరవై ఎనిమిది సెకన్లు. కట్టిన టైము నుదుటి మీద రాయడం మా పద్ధతి, డాక్టరు వెతుక్కోకుండా. రాశాను. ఆ మార్కరు కడిగితే పోయే రకం కాదని మరిచిపోయాను.

ఇవాళ చర్చిలో నుదుటి మీద 11.15తో ముందు వరసలో కూర్చున్నాడు. పాస్టరు ప్రసంగం మొదలుపెట్టబోయి, ఎన్నింటికల్లా ముగించాలో ఓర్లిన్ రాసుకునే వచ్చాడు అన్నాడు. చర్చి చర్చంతా నవ్వింది. ఓర్లిన్ కూడా. చాలా రోజులైంది ఆయన నవ్వగా చూసి.

మార్చి 23, శనివారం

ఇవాళ నా వంతు. తలుపు, గడియ, లైటు, కుక్క. ఇంట్లోకి రాగానే తలుపు మూయాలి, గడియ పడేయాలి, వరండా లైటు వేయాలి, మా కుక్క టగ్ ఎక్కడుందో చూడాలి. ఈ వరసలోనే. నన్ను పదిసార్లు బయటికి పంపి పదిసార్లు రమ్మన్నాడు. నాకు పదకొండు సెకన్లు, ఆయనకు నాలుగు.

ఆలోచించకు వెర్నా, ఆలోచిస్తే ఆలస్యం, పని చేతికి రావాలి, బుర్రకి కాదు అంటాడు. అంబులెన్సులో కొత్తవాళ్లకు నేను చెప్పే మాటలే ఇవి. నా మాటలు నాకే వడ్డించేసరికి ఒళ్లు మండింది.

మార్చి 30, శనివారం

పాలు తేవడానికి వెళ్లొచ్చి నా ఇంటి తలుపు నేనే ఎనిమిదిసార్లు కొట్టాను.

ఏప్రిల్ 6, శనివారం

క్లిఫ్టన్ ఫోన్ చేశాడు. మా అంబులెన్సు నడిపేది అతనే, ఫైరింజన్ నడిపేదీ అతనే, ఊళ్లో మనుషులు తక్కువ. పెద్దరోడ్డు మీద కారు బోల్తా కొట్టిందట. ఎవరో పరాయి ఊరి అమ్మాయి, మోచేతి పైన తెగిపోయి రక్తం ధారగా పోతోంది. వెనకాలే వస్తున్న పికప్‌లో నా సంచి ఉంది, హెడ్‌రెస్టుకు కట్టిన చోటే. మేం వెళ్లేసరికి రక్తం ఆగిపోయి ఉంది, అమ్మాయి మమ్మల్నే తిడుతోంది ఇంత లేటా అని, నీ కుట్టుపని గట్టిదే వెర్నా అన్నాడు క్లిఫ్టన్. ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి ఏడ్చాను.

ఓర్లిన్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. మంచి పని చేశావు అన్నాడు. మరి మన ఇంటి సంచి ఎక్కడుంది అన్నాడు. వెనక తలుపు పక్కన మేకుకి తగిలించాను. సాయంత్రానికి అది పడకగది బీరువాలోకి వెళ్లిపోయింది. దొంగలొస్తే మనం పరిగెత్తేది పడకగదికే కదా, సంచీ అక్కడే ఉండాలి అని ఆయన వాదన. వచ్చేది దొంగలేనా, నీ షెడ్డులో రంపం లేదా, గొడ్డలి లేదా అన్నాను. వినలేదు.

నేను సంచులు కుట్టేది రోడ్డు మీద ఎవరో ఒకరికి ఏదో అవుతుందని. ఆయన గడియలు పెట్టేది నాకు ఏదో అవుతుందని. ఇది నాకు తెలుసు. తెలిసినా చిరాకు తగ్గదు.

ఏప్రిల్ 13, శనివారం, ఉదయం 9.05

పికప్‌లో కూర్చుని రాస్తున్నాను. టౌన్‌లో అంబులెన్సు మీటింగు, ఇంకా ఎవరూ రాలేదు.

పొద్దున్నే పోట్లాడుకున్నాం. వెనక తలుపు అడుగున టగ్ వచ్చిపోయే కంత ఉంది, దానికి ఇనప రేకు వేసి మూసేస్తానన్నాడు. టగ్‌కి పన్నెండేళ్లు, పాపం ఆపుకోలేడు, గంటకోసారి బయటికి పోవాలి. ఎవడైనా కంతలోంచి చెయ్యి పెట్టి గడియ ఎత్తేస్తాడట. ఎత్తాలంటే వాడి చెయ్యి ఐదడుగులు ఉండాలి అన్నాను. ఊరందరి రక్తం ఆపడానికి పరిగెడతావు, ముందు ఇంట గెలిచి తర్వాత రచ్చ గెలువు అన్నాడు. అప్పుడు నాకు నోరు లేచింది. సరే, నీ కోటలో నువ్వే ఉండు, గడియ వేసుకో, నేనొచ్చి కొట్టినా తియ్యకు అన్నాను.

ఆయన టేపు తీసుకుని కంత కొలవడం మొదలుపెట్టాడు. తిరిగి ఓ మాట అన్నా బాగుండేది. రాసుకుంటుంటేనే సిగ్గేస్తోంది. సాయంత్రం వెళ్లగానే ముందు ఈ మాట వెనక్కి తీసుకోవాలి.

ఏప్రిల్ 14, ఆదివారం, ఉదయం 10

బిల్లింగ్స్ సిటీలో పెద్దాస్పత్రి వరండా. ఆయన ప్రాణంతో ఉన్నాడు. ముందు అది రాయాలి.

టగ్ కంతకి రేకు కోస్తుంటే గ్రైండర్ బిళ్ల విరిగి ముక్క తొడలో దిగింది. సంచి పడకగదిలో ఉంది కదా, దానికోసం ఇంట్లోకి వచ్చాడు. వాషింగ్ మెషీన్ దాకా వచ్చి పడిపోయాడు.

నేను వచ్చేసరికి 4.45. షెడ్డు నుంచి మెట్ల దాకా రక్తం. తలుపు తోశాను. రాలేదు. భుజంతో గుద్దాను. గడియ పడి ఉంది. పికప్ రేడియోలో క్లిఫ్టన్‌ని పిలిచి, చక్రాలు విప్పే ఇనుము తెచ్చి కిటికీని కొట్టాను. అద్దం సాలెగూడులా చిట్లింది కానీ ఒక్క ముక్క రాలలేదు. ఎన్నిసార్లు కొట్టానో తెలియదు. ఇంటిని ఇంత బాగా కట్టుదిట్టం చేసిన మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను.

అప్పుడు టగ్ కంతలోంచి బయటికి వచ్చాడు, పాదాలన్నీ ఎర్రగా.

బోర్లా పడుకుని కంతలో తల పెట్టాను. భుజాలు పట్టలేదు. గడియ అందడానికి నా చెయ్యి ఐదడుగులు లేదు. ఓర్లిన్ ఏడడుగుల దూరంలో, వాషింగ్ మెషీన్‌కి ఆనుకుని, మొహం పిండిలా తెల్లగా. గడియ తియ్యి అన్నాను. లేవలేనే అన్నాడు. నా పికప్ సంచిలోంచి పట్టీ తీసి విసిరాను. నేల తడికి జారుతూ వెళ్లి ఆయన బూటుకి తగిలి ఆగింది.

ఎంత పైకి వీలైతే అంత పైకి అన్నాను. తిప్పు. ఇంకా తిప్పు. చాలు వెర్నా, నొప్పి అన్నాడు. చాలదు, తిప్పరా అని అరిచాను. ముప్పై నాలుగేళ్లలో ఆయన్ని రా అనలేదు. తిప్పాడు. రక్తం ఆగింది.

4.52. నుదుటి మీద రాయడానికి చెయ్యి అందదు. తలుపు మీద రాశాను. అలాగే పడుకుని, క్లిఫ్టన్ వచ్చేదాకా ఆయన్ని నిద్రపోనివ్వకుండా మాట్లాడుతూ ఉన్నాను. ఏం మాట్లాడానో తెలియదు. ఎక్కువగా టగ్ గురించి. నలభై నిమిషాలు. తలుపు కోయడానికి ఇంకో తొమ్మిది. మూడంగుళాల స్క్రూలు కదా. క్లిఫ్టన్ చెమటలు కక్కుతూ, ఈయన పనితనమే ఈయన ప్రాణం తీసేలా ఉందే అన్నాడు. నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

పెద్ద రక్తనాళం పూర్తిగా తెగలేదట, ఒక పక్క చీలిందట, అందుకే అన్ని నిమిషాలు ఆగగలిగాడట. కాలు నిలబడుతుందంటున్నారు.

ఆ గడియ ఎందుకు వేశాడు? అంత రక్తం పోతుంటే, నేను వస్తానని తెలిసి. నేను కొట్టినా తియ్యకు అన్నాను కదా.

ఏప్రిల్ 17, బుధవారం

అడిగేశాను. గడియా, నేనా అన్నాడు. షెడ్డు గుర్తుందట. మెట్లు గుర్తున్నాయట. తర్వాత గుర్తున్నది కంతలోంచి నేను తిట్టడమేనట. తొడ చీలి రక్తం కారుతుంటే అంత బరువు గడియ ఎత్తి పడేసిన మనిషికి అది గుర్తు లేదా అన్నాను. నీమీద కోపంతో అనుకుంటున్నావా అన్నాడు మెల్లగా. గుర్తు లేదు వెర్నా, నిజంగా అన్నాడు.

అబద్ధాలాడే మనిషి కాదు. నన్ను నొప్పించకూడదనుకుంటే మాత్రం ఆడతాడు. మార్లిస్ వాళ్లాయన క్యాన్సరు సంగతి నా దగ్గర నెల రోజులు దాచాడు.

ఏప్రిల్ 20, శనివారం

నమ్మాలని ఉంది. నమ్మకం కుదరడం లేదు.

ఏప్రిల్ 24, బుధవారం

ఆయన ఇంకో పది రోజులు ఉండాలి, నడక నేర్పిస్తున్నారు. బట్టల కోసం, టగ్ కోసం ఇంటికి వచ్చాను.

క్లిఫ్టన్ కొత్త తలుపు పెట్టేశాడు. ముందుగా టగ్ కంత కోశాకే బిగించాడట. పాత తలుపు, 4.52 ఉన్నది, షెడ్డు గోడకి ఆనించి ఉంచాడు, పారేయడానికి చేతులు రాలేదు అన్నాడు. కొత్తదానికి గడియ కొక్కేలు కూడా పెట్టాడు. ఎవరు పెట్టమన్నారు అన్నాను. ఓర్లిన్ ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు, వెర్నా ఒక్కతే ఉంటుంది అన్నాడు అని చెప్పాడు. ఎంత పొడవు స్క్రూలు వేశావు అంటే, మూడంగుళాలవే, లేకపోతే మీ ఆయన చంకకర్రల మీద వచ్చి మరీ కొలుస్తాడు అన్నాడు.

గడియ గోడ పక్కన పెట్టాను. పాత ఇనప సామాన్లలో పారేయాలి. సంచి మళ్లీ తలుపు పక్క మేకు మీదికి వచ్చింది. ఇంకోటి బయట వరండాలో పెట్టాను.

సాయంత్రం దారి మలుపులో ఏదో కారు ఆగి, తిరిగి వెళ్లిపోయింది. టగ్ మొరగలేదు, చెవుడు వచ్చినట్టుంది. నేను కదలకుండా కూర్చున్నాను. ఈ ఇంట్లో ఒంటరిగా ఉండటం అలవాటే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆలోచిస్తే, ఎప్పుడూ ఉండలేదు. పందొమ్మిదేళ్లుగా రేడియో మోగితే వెళ్లేది నేను, ఉండేది ఆయన. నేను వెళ్లాక ఇక్కడ ఎలా ఉంటుందో ఒక్కసారీ అడగలేదు.

ఏప్రిల్ 29, సోమవారం

రోజూ ఫోన్‌లో అడుగుతున్నాడు, గడియ వేసుకుంటున్నావా అని. లేదు, అది గోడ పక్కనే ఉంది, ఎప్పటికీ వెయ్యను అని చెప్పాను. సరే అన్నాడు. ఆ సరే నాకు నచ్చలేదు.

మే 2, గురువారం, ఉదయం 6.20

టగ్ కంతలోంచి బయటికి పోయి, నేను రాలేదని వెనక్కి వచ్చి చూస్తున్నాడు. వెళ్లి తలుపు లాగాను. రాలేదు.

గడియ రెండు కొక్కేల్లో పడి ఉంది. వరండా లైటు వెలుగుతోంది. నిన్న రాత్రి చర్చిలో బుధవారం ప్రార్థన నుంచి వచ్చి కోటు విప్పడం గుర్తుంది, టగ్‌కి తిండి పెట్టడం గుర్తుంది.

గడియ గుర్తు లేదు.