పళ్ళ డాక్టరు, ముందుకు దారి లేదు

రోడ్ల ఆఫీసు గుమాస్తాగారికి నమస్కారం.

వీధి చివరింట్లో ఉంటూ, అందులోనే ఆసుపత్రి నడుపుకునే పళ్ళ డాక్టర్ని. సోమవారం మీవాళ్ళు వీధి మొదట్లో, సరిగ్గా నా బోర్డు కింద, ఇంకో బోర్డు పాతి పోయారు. రెండూ కలిపి చదవండి: 'పళ్ళ డాక్టరు. ముందుకు దారి లేదు.' దవడ పట్టుకుని వచ్చినవాళ్ళు దవడ పట్టుకునే వెనక్కి పోతున్నారు. ధైర్యం చేసి లోపలికొచ్చిన ఒక పెద్దావిడైతే, "అంత చెయ్యి దాటిపోయిందా నాయనా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెంటనే తీయించండి!

ఇట్లు, మండిపడుతూ,
పళ్ళ డాక్టరు

తా.క. బోర్డు చూసీ ఆగనివాడు మా బావమరిది ఒక్కడే. వాడి కంటికి ఏ బోర్డూ ఆనదు.

డాక్టరుగారికి నమస్కారాలు.

ఆ మాట మీ వైద్యం గురించి కాదండీ. వీధి అవతలి రోడ్డులో కలవదు, బళ్ళు లోపలికెళ్ళి ఇరుక్కోవద్దని. తీయడం కుదరదు. అయినా మీ మాట మన్నించి అక్షరాలు చెరిపి బొమ్మ వేయించాం: నిలువునా తెల్ల గీత, దాని నెత్తిన అడ్డంగా ఎర్ర గీత. తెల్లది వీధి, ఎర్రది చివరనున్న అడ్డు. పసిపిల్లలకైనా తెలుస్తుంది.

ఇట్లు, విధేయుడు,
గుమాస్తా

తా.క. నాకూ ఒక పన్ను కదులుతోంది. రావాలంటే జంకుగా ఉంది.

గుమాస్తాగారూ,

తెలిసింది బాబూ, బాగా తెలిసింది! తెల్ల పిడి, ఎర్ర తల. అందరూ దాన్ని సుత్తి అనుకుంటున్నారు! నిన్న ఒకాయన గుమ్మంలోనే నిలబడి, "మత్తు ముందిస్తారా, సుత్తి వాడాకా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా పారిపోయాడు. అసలు తప్పు బోర్డుది కాదు, వీధిది! ఆ చివర దారి ఉంటే ఈ బోర్డు ఉండేదా? దారే తీస్తారో, ఇంకేం చేస్తారో నాకనవసరం. బోర్డు లేవాలి!

ఇట్లు, పళ్ళు నూరుతూ,
పళ్ళ డాక్టరు

తా.క. పన్ను కదులుతోందన్నారు. సంతోషం. మీ ఆఫీసులో కదిలేది అదొక్కటే.

డాక్టరుగారికి శుభవార్త.

మీ ఉత్తరం మా పెద్దసారుకు చదివి వినిపించాను. "ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదయ్యా!" అని, అవతలి రోడ్డుకు దారి తీయమని ఆర్డరు వేశారు. దారి పడగానే బోర్డు పీకేస్తాం. మధ్యలో అడ్డం ఒక్క ఇల్లే. గురువారం కొలతల మనిషి వస్తాడు.

ఇట్లు, మీ మేలుకోరే
గుమాస్తా

తా.క. ఆ ఇల్లు మీదేనని ఇప్పుడే చూశాను. బెంగ వద్దు, మొదట్లో ఉన్న మీ బోర్డుకు ఏ ఢోకా లేదు.

గుమాస్తాగారూ,

దారి తీయమంటే నా ఇంట్లోంచా! గురువారం పొద్దున్నుంచీ నేనూ మా ఆవిడా గుమ్మానికి అడ్డంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పదింటికి మీ కొలతల మనిషి టేపు చంకన పెట్టుకుని బండి మీద వచ్చాడు. వీధి మొదట్లో ఆగాడు. బోర్డును కిందనుంచి పైదాకా చూశాడు. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు!

మేం పిలవలేదు. దాని అర్థం తెలిసిన మనిషి ఇన్నాళ్ళకు ఒకడు దొరికాడు. ఇక ఆ బోర్డు మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకోను, చెబుతున్నా!

ఇట్లు, చివరింటి
పళ్ళ డాక్టరు

తా.క. ఎర్ర గీత కాస్త సన్నంగా ఉంది. లావు చేయించండి.