గోడ మీది పదిహేను మొహాలు చెరిపే పని

అయ్యా,

విషయం: ఆసుపత్రి ప్రహరీ గోడపై గల పదిహేను మొహములను వేసినవాడే చెరిపివేయుటకు ఒప్పుకొనుట – అందుకు బదులుగా ఎయిడ్స్ వార్డు మాత్రల ఫైలుపై తమ సంతకము కోరుట – గురించి.

ఆరోగ్యాధికారి వారి సముఖమునకు, బోర్డులు రాసుకుని బతికే పెయింటరు మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు గోడపై పుర్రె బొమ్మ వేసి, కింద "ఎయిడ్స్ అంటే చావే" అని రాయవలసినదిగా నిరుడు తమ కార్యాలయము నాకు పని అప్పగించినది. గోడకు ఎదురుగా వార్డు కిటికీలు ఉన్న సంగతి ఆ ఉత్తర్వులో లేదు. పుర్రెకు కళ్లు దిద్దుతుండగా కిటికీలోంచి ఒకావిడ, "మమ్మల్ని చూసే వేస్తున్నావా అన్నా?" అని అడిగింది. బట్టలు కుట్టే మనిషి, వార్డులో అందరూ టైలరమ్మ అంటారు. నాకు తల కొట్టేసినట్టయింది. పుర్రె తుడిచేసి, ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి ఆవిడ మొహమే వేశాను. తరువాత ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు. ఉత్తర్వు మీరినందుకు విచారము లేదు.

2. నాలుగో రోజు స్టూలు మీద కూర్చున్నది నా తమ్ముడు. అప్పటిదాకా వాడు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడని ఇంట్లో అందరం అనుకుంటున్నాం. "నన్నూ వెయ్యి అన్నయ్యా. ముక్కు మాత్రం నాన్నది పెట్టకు" అన్నాడు. రెండు నెలలకు పోయాడు. మా నాన్న ఫోటోలన్నిటిలోంచీ వాణ్ణి కత్తిరించేశాడు. వాడి మొహం ఇప్పుడు ఆ గోడ మీద తప్ప ఎక్కడా లేదు. ఈ అంశముపై చర్య తీసుకోనక్కరలేదు, ఊరికే రాశాను.

3. తమ కాంట్రాక్టరు గోడకు రెండుసార్లు సున్నము కొట్టించినారు. రెండుసార్లూ వాన పడగానే మొహాలు బయటికి వచ్చాయి. నేనే దొంగచాటుగా మళ్లీ వేస్తున్నానని నోటీసు పంపినారు. అయ్యా, ఆయిల్ పెయింటు మీద సున్నం నిలవదు. బ్రష్షు పట్టిన ఎవణ్ణి అడిగినా చెబుతాడు. నన్ను అడిగినా చెప్పేవాణ్ణి.

4. వార్డులో మాత్రలు అయిపోయి నేటికి ఇరవై రెండు రోజులు. మధ్యలో మానితే మందు మళ్లీ పనిచెయ్యకపోవచ్చని డాక్టరమ్మ భయం. తమ గుమాస్తాగారిని అడుగగా, "పైవాళ్లు ఆ గోడ చూసి మండిపడుతున్నారయ్యా. ముందు అది శుభ్రం చెయ్యి, ఫైలు దానంతటదే కదుల్తుంది" అని సెలవిచ్చినారు. ఆ మాట కాగితం మీద పెట్టమంటే నవ్వినారు. గోడకు పథ్యం పెడితే రోగికి నయమయ్యే వైద్యం నేనెక్కడా వినలేదు. అయినా ఒప్పుకుంటున్నాను.

టైలరమ్మకు ఈ సంగతి చెప్పాను. "చెరిపెయ్యన్నా. మాత్ర దొరికితే ఈ మొహం నా దగ్గరే ఉంటుందిగా" అంది.

5. పని విధానము: ఉప్పుకాగితంతో గీకి, ప్రైమరు పట్టించి, ఆరాక రెండు పూతలు. రోజుకొక మొహం. ముందుగా పోయినవాళ్లవి చెరుపుతాను, వాళ్లు అభ్యంతరం చెప్పరు. అవి పదకొండు. నా తమ్ముడిది కూడా అందులోనే ఉంది, దాన్ని కూలివాడికి అప్పగించను. పన్నెండో రోజున బతికున్నవాళ్ల దగ్గరికి వస్తాను, మొదట టైలరమ్మ. ఆ లోపల మాత్రలు వార్డుకు చేరునట్లు ఉత్తర్వులు ఇప్పించగలరు. ఆలస్యమైనచో ఆ నలుగురినీ చెరిపే పని తమ కార్యాలయమే నాకంటే శుభ్రంగా చేస్తుంది.

ఇంతకంటే వంగి రాయడం నాకు చేతకాదు గనుక, ఉన్నంతలో చిత్తగించవలెను.

ఈ పని మట్టుకు
తమ విధేయుడు,
పెయింటరు

తాజా కలం: ఇది నిన్న రాసిన అర్జీ. ఇవాళ పొద్దున తమ వరండాలో ముద్ర కోసం కూర్చుని ఉండగా వార్డు నర్సమ్మ ఫోన్ చేసింది. టైలరమ్మ పోయింది. కావున అయిదో అంశములో పదకొండు అన్నచోట పన్నెండు అనియు, నలుగురు అన్నచోట ముగ్గురు అనియు దిద్ది చదువుకోగలరు. తమకు గడువు ఒక రోజు పెరిగింది.