అంబాసిడర్ తెలుపు

విశాఖపట్నం
ఆగస్టు 4, 1989

ప్రియమైన మణికి,

ఇక్కడ నేను కులాసాగా ఉన్నాను. యార్డులో ఇనుప దూలాలకు ఎర్ర ప్రైమరు కొట్టడమే పని. పొద్దున్నించి సాయంత్రందాకా ఒకటే రంగు, కలిపే బాధ లేదు. హాయిగా ఉంది.

తిరుమలగిరి షెడ్డు ఖాళీ చేద్దామంటే, "నేనే నడుపుతాను, కార్ల రంగు కలపడం నేర్పండి" అని రాశావు. నవ్వొచ్చింది. కానీ నువ్వు మొండిదానివి. సరే, మధుసూదన్ గారి తెల్ల అంబాసిడర్‌తోనే మొదలుపెట్టు. తలుపు నీలంగా కొట్టానని జూన్‌లో తిప్పి తెచ్చారుగా. ఆయన మెచ్చితే షెడ్డు ఉంచుదాం. లేకపోతే నెలాఖరుకు తాళాలు ఇచ్చెయ్యి.

పుట్టీ పెట్టడం, రుద్దడం, రంగు చిమ్మే గన్ను పట్టడం జంగయ్య చూసుకుంటాడు. మనతో పదేళ్ళు పనిచేసినా అతనికి రానిది రంగు కలపడమొక్కటే. డబ్బాలో రంగు అడుగున పేరుకుంటుంది, ముందు కర్రతో బాగా కలియబెట్టు. ప్రతి పాత కారుకీ దాని తెలుపు దానిదే. పసుపు, నలుపు అగ్గిపుల్ల మొనతో వెయ్యి. చెంచాతో వేశావో, డబ్బా పోయినట్టే. రంగు కుదిరాకే తిన్నరు పొయ్యి. తడిరంగు చూసి మురిసిపోకు. అట్టముక్క మీద కొట్టి, ఆరాక, ఎండలో కారు పక్కన పెట్టి చూడు. అంతకుముందు కారు మీద ఒకచోట పాలిష్ పెట్టి రుద్దు. అట్టముక్కలు నాకు పంపు. నేను చెప్పేదాకా కారు ముట్టుకోకు.

ప్రభువు నీకు తోడుండాలి.
నీ యెషయా

తిరుమలగిరి
ఆగస్టు 13

ప్రియమైన మీకు,

మీరు రాసినట్టే చేశాను, ఒక్కటి తప్ప. పాలిష్ మాట మరిచిపోయి, పైనున్న తెలుపుకే జత కలిపాను. జంగయ్య గుడ్డతో ఒకచోట రుద్ది చూపించాడు. "ఏందమ్మా, దుమ్ముకు రంగు కలుపుతున్నవా? జెర తుడిచి చూడు" అన్నాడు. సిగ్గేసింది. అరడబ్బా రంగు పారబోస్తుంటే ఏడుపొచ్చింది.

మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగు రోజులు అదే పని. ఒంటినిండా తిన్నరు కంపు. ఆదివారం చర్చిలో రోసమ్మ నా పక్కన కూర్చోబోయి అవతలి వరసకు పోయింది. పోతే పోయిందిలెండి.

రెండు అట్టముక్కలు పంపుతున్నాను, వెనక నంబర్లు వేశాను. ఆ కారుకు మొత్తం రంగు మీరే రెండుసార్లు కొట్టారు, దాని తెలుపు మీకు బాగా గుర్తుంటుంది. ఏది కొట్టించాలో రాయండి. మధుసూదన్ గారు ఇరవై ఐదుదాకా ఆగుతానన్నారు.

వేళకు భోంచెయ్యండి.
మీ జ్ఞానమణి

విశాఖపట్నం
ఆగస్టు 18

ప్రియమైన మణికి,

ఒకటో నంబరు వెన్నలా పచ్చగా ఉంది, పసుపు ఎక్కువైంది. రెండోది అచ్చం ఆ కారు తెలుపే! మొదటిసారికే ఇంత బాగా కలుపుతావనుకోలేదు. నాతో పనిచేసే అబ్రహాంకి చూపించి, మా ఆవిడ కలిపిందని గొప్పలు చెప్పుకున్నాను.

అనుమానం పెట్టుకోకుండా రెండోదే కొట్టించు. ఒక పూత ఆరాకే ఇంకో పూత వెయ్యాలి. వాన ముసురు రోజున మాత్రం వద్దు, మెరుపు చచ్చిపోతుంది.

నీ యెషయా

తిరుమలగిరి
ఆగస్టు 27

ప్రియమైన మీకు,

నేను ఒకటో నంబరే కొట్టించాను.

మధుసూదన్ గారు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏ తలుపు చేసిన్రో నాకు సుత తెలుస్తలేదు" అన్నారు. జంగయ్య మిఠాయి తెచ్చాడు. షెడ్డు తాళాలు నా దగ్గరే ఉంటాయి.

రెండో నంబరు నేను కలిపింది కాదు. మీరు జూన్‌లో కలిపిన డబ్బా అడుగున మిగిలిన రంగు. నీలంగా ఉందని ఆయన తిప్పి తెచ్చిన రంగు అదే. మిమ్మల్ని మోసం చేశాను, ఒప్పుకుంటాను. మీరు విశాఖ వెళ్ళేముందు నెలల తరబడి, గొంతు బాగోలేదని ఇంట్లో బైబిలు వాక్యం నా చేత చదివించారు. పాటలు మాత్రం గొంతెత్తి పాడేవారు. ఏమైందని అడిగితే కసురుకున్నారు. అందుకే ఇలా అడగాల్సి వచ్చింది.

మీ కళ్ళకు ఏమైంది? నాకు కోపంగా ఉంది, అంతకన్నా భయంగా ఉంది. నిజం రాయండి.

మీ జ్ఞానమణి

విశాఖపట్నం
సెప్టెంబరు 2

మణీ,

రెండు కళ్ళకూ శుక్లాలు, తెల్లనివన్నీ పసుపుగా కనిపిస్తున్నాయి. బైబిలు సన్నక్షరాలు ఆనవు, నీ ఉత్తరాలు కళ్ళకు దగ్గరగా పెట్టి కూడబలుక్కుంటున్నాను. మార్చిలోనే డాక్టరు చెప్పాడు, ఆపరేషను చేస్తే చూపు వస్తుందని కూడా అన్నాడు. కత్తికి భయపడలేదు. రంగు కనిపెట్టలేని పెయింటరని పదిమందికీ తెలిస్తే ఇంక షెడ్డుకు ఎవరొస్తారని భయపడ్డాను. కళ్ళను నమ్మలేక ఆ తలుపు రంగు జ్ఞాపకంతో కలిపాను. నువ్వు చూసి "కొంచెం నీలంగా లేదూ?" అన్నావు. జంగయ్య ముందే నీ మీద అరిచాను. తప్పు నాదే. అతని ముందే ఆ మాట ఒప్పుకుంటాను.

అక్కడికొచ్చి ఆపరేషను చేయించుకుంటాను. చూపు వచ్చాక కూడా రంగు నువ్వే కలుపు, నేను గన్ను పడతాను.

వచ్చే శనివారం రైలెక్కుతున్నాను. ఆదివారం పొద్దున స్టేషనుకు రా. గేటు దగ్గర నిలబడకు, రైలుపెట్టె దగ్గరికే వచ్చి పేరుపెట్టి పిలువు. దూరం నుంచి నిన్ను పోల్చుకోలేను.

నీ యెషయా