మక్కచేనుకు అరవై మార్కులు

ఖమ్మం

జంపయ్య గారికి నమస్కారాలు.
మీ ఊళ్లో ఫోన్ కలవడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మేం సర్వే చేసిన మీ మొక్కజొన్న చేనుకు సామర్థ్యం అరవై శాతం వచ్చింది. విత్తనం, ఎరువు బాగానే వాడారు. కూలి గంటలే ఎక్కువ. మీ భార్య యశోద గారు సీజనంతా రాత్రిళ్లు మంచె మీద కాపలా ఉంటున్నారు. అడవి పందుల నష్టమే లేని చేనుకు అంత కాపలా దండగని లెక్క చెబుతోంది. నష్టం లేదు కాబట్టి సోలార్ కంచెకు మీ పేరు పంపలేకపోతున్నాం.
ఇట్లు,
మహిమ, పరిశోధన కేంద్రం

టేకులపల్లి అడవి పక్క నుంచి

మహిమ మేడమ్ గారికి జంపయ్య దండాలు.
అరవై అంటే ఫస్టు క్లాసు. ఊరందరికీ టీ పోయించాను. పక్క చేను మా తోడల్లుడు నాగరాజుది. వాడికి యాభై ఐదే వచ్చిందట, ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడు. కంచె మాత్రం ఇప్పించండి. యశోద ఉంది కాబట్టే పందులు రావడం లేదు. కాపలాకు నేను పోతానంటే, "పంది వచ్చి దుప్పటి గుంజినా నువ్వు లేవవు" అంటుంది. ఆమె అక్కడ మంచులో ఉంటే నాకిక్కడ అన్నం సయించదు. ఆమెను ఇంటికి తెచ్చుకోవాలి, అంతే నా ఆశ.
ఇట్లు,
జంపయ్య
తా.క.: రేపు ఆ సెకండు క్లాసు వాడికి కంచె ఇచ్చి నాకు ఇవ్వకపోతే బాగుండదు.

ఖమ్మం

జంపయ్య గారికి,
అది పరీక్ష కాదండి. మీరు పెట్టినదానికి, పడిన కష్టానికి నూరు వంతుల పంట రావాల్సి ఉంటే అరవై వంతులే వచ్చిందని అర్థం. కాపలా సంగతి నాకు అర్థమైంది, మా కమిటీకి కాలేదు. నష్టం చూపిస్తేనే కంచె అన్నారు. నష్టం ఏమైనా జరిగితే తెలియజేయగలరు.
ఇట్లు,
మహిమ
తా.క.: నాగరాజు గారికి కూడా ఈ సంగతి చెప్పండి, పాపం.

టేకులపల్లి అడవి పక్క నుంచి

మేడమ్ గారికి దండాలు.
మీరు నష్టం అడిగారు. మీ మాట కాదనలేక యశోదను మంచె దింపాను. పందులు కూడా మీ ఉత్తరం చదివినట్టే వచ్చి, అడవి వైపు మూలంతా తొక్కి పోయాయి. పొద్దున అది చూసి యశోద ఏడ్చింది. "ఎవల ఉత్తరం చూపిచ్చినా నేనిగ దిగ" అన్నది. నాకూ కడుపు మండింది. ఫోటో పంపుతున్నాను.
ఇట్లు,
జంపయ్య
తా.క.: ఫోటోలో నవ్వుతున్నది నాగరాజు.

ఖమ్మం

జంపయ్య గారికి,
నేను రాసింది అందుకు కాదండి. చదివి చాలా బాధపడ్డాను. ఫోటో చూడగానే కమిటీ కంచె మంజూరు చేసింది.
ఇట్లు,
మహిమ
తా.క.: కాపలా తీసేసి లెక్క వేస్తే, మూల పోయిన మీ చేనుకు కంప్యూటర్ డెబ్బై శాతం చూపిస్తోంది. దాని మీద సంతకం పెట్టడానికి నాకు చేయి రాలేదు.

టేకులపల్లి అడవి పక్క నుంచి

మహిమ మేడమ్ గారికి దండాలు.
కంచె వచ్చింది. పందులు పక్క చేను వైపు కూడా రాకుండా దూరం నుంచే మళ్లిపోతున్నాయి. రాత్రి చేపల కూర వండి యశోద కోసం చూశాను. రాలేదు. వెళ్లి చూస్తే మంచె మీదే ఉంది. పక్క చేను మంచె మీద వాళ్ల అక్క, అంటే నాగరాజు భార్య. ఇద్దరూ అటు నుంచి ఇటు మాట్లాడుకుంటూ పడీపడీ నవ్వుతున్నారు.
"ఇంకేం కాపలా, దిగు" అన్నాను.
"పగలు మాకు తీరిక యాడిది? ఇన్నేండ్లు పందులను అదిలించుకుంట ముచ్చట సగంల ఆపినం. ఇప్పుడే జర నిమ్మళంగ మాట్లాడుకుంటున్నం" అన్నది.
నాకు కోపం రావాలి, రాలేదు. ఇంట్లో ఆమె అట్లా నవ్వగా నేను వినలేదు. కూర గిన్నె అక్కడే ఇచ్చి వచ్చాను. వచ్చే సర్వేలో ఆ గంటలను కూలి కింద రాయకండి.
ఇట్లు,
జంపయ్య
తా.క.: రోజూ పొద్దుగూకగానే నాగరాజు మా ఇంటికి వచ్చి కూర్చుంటున్నాడు. మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరకడం లేదు.