ముళ్ళతల సూప్

అక్టోబర్ 4
ఈ మహాగ్రంథం మొదలుపెట్టడానికి కారణం ఊళ్ళో ఇంటర్నెట్ పోవడం. రెండో కారణం, అన్నయ్య సకేయుస్ పొద్దున్నే బోటేసుకుని సీలు వేటకెళ్ళాడు, పోట్లాడటానికి మనిషి లేడు. రాజధాని నూక్‌లో రెండేళ్ళు బయాలజీ చదివి సెలవులకొచ్చిన నాకు వాడు పెట్టిన పేరు ముళ్ళతల. మా ఒడ్డున రాళ్ళ సందుల్లో, అడుగున బతికే చేప అది. జానెడు పొడవు. అందులో సగం తల, తలలో సగం నోరు. పోలిక శాస్త్రీయంగా సరైనదే.

అక్టోబర్ 5
రాలేదు.

అక్టోబర్ 8
హెలికాప్టర్ రెండు రోజులు తిరిగింది. బోటు దొరికింది, మా అఖాతం మొగలోనే, బోర్లాపడి. మనిషి లేడు. ఈదుకుంటూ ఏదో దీవి ఎక్కేసి, వేటగాళ్ళ గుడిసెలో ఉంటాడని అమ్మ అంటోంది. ఈ నీళ్ళలో మనిషి ఎంతసేపు ఉండగలడో బయాలజీకి తెలుసు. బయాలజీ నోరు మూసుకుంది.

అక్టోబర్ 9, మధ్యాహ్నం
ఊరంతా గాలాలు చుట్టి మేకులకు తగిలించేశారు. సముద్రంలో మనిషి పోతే, శవం దొరికేదాకా మావాళ్ళు ముళ్ళతలను పట్టరు. ఎందుకో ఎవరూ విడమరచి చెప్పరు. అడుగుకు చేరినదాన్ని ఆ చేప వదలదని పిల్లలకూ తెలుసు.

అమ్మ గాలం తీసుకుని రాళ్ళ మీదికి వెళ్ళింది. కిటికీల్లో మొహాలు కనిపించాయి, ఒక్కరూ పలకరించలేదు. నాలుగు పట్టుకొచ్చి సూప్ కాచి, నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

తినకపోతే అన్నయ్య పోయాడని నేను అన్నట్టే.

తిన్నాను. ఉప్పు సరిపోయిందన్నాను.

అక్టోబర్ 14
సూప్ ఆరో రోజు. గిన్నెలోని తలకాయతో ఒప్పందం చేసుకున్నాను. నువ్వేం తిన్నావో నేనడగను, నేనేం తింటున్నానో నువ్వు చెప్పొద్దు. దానికి సమ్మతమే, నోరు తెరిచే ఉంది.

తర్వాత ఇంటి వెనక కక్కుకున్నాను. కుక్కలు మర్యాదగా మొహం తిప్పుకున్నాయి.

అక్టోబర్ 17
పిన్ని బిర్గిత్తె షాపులో పట్టుకుంది. చర్చిలో ప్రార్థన పెట్టిద్దామని మా ఇంటికొస్తే, బతికున్నవాడికి ప్రార్థనేమిటని అమ్మ గుమ్మంలోంచే పంపేసిందట. నేనేదో జోకు వేయబోయాను. పిన్ని నవ్వలేదు.

"అక్క గాలమేసేది వాడి కోసం కాదే. నువ్వు తింటున్నావు గనక. చదువుకున్నదానివి, వాడు బతికున్నాడని తెలిసే తింటున్నావనుకుంటోంది."

అక్టోబర్ 18
గిన్నె పక్కకు జరిపాను. ఆకలి లేదన్నాను.

అమ్మ గిన్నెనే చూస్తూ కూర్చుంది. సూప్ మీద కొవ్వు పేరుకుంది.

"నీ అన్న నీకు తప్పు పేరు పెట్టాడే" అంది చివరికి. "ముళ్ళతల దేన్నీ వద్దనదు."

నా గిన్నె కూడా తనే తినేసింది. నిలబడి, ముళ్ళు కూడా వదలకుండా.

అక్టోబర్ 19
గాలం మేకుకే ఉంది. దాని మీద మంచు పొర చెదరలేదు.

అమ్మ రొట్టె కోస్తూ, "ఇవాళ ఒక్కటీ పడలేదే" అంది.

అలలు పెద్దగా ఉన్నాయి కదమ్మా అన్నాను.

సముద్రం అద్దంలా ఉంది.