నీళ్ళు తగిలిన వేరుశనగకాయలు

చిరంజీవి సౌభాగ్యవతి వరహాలమ్మకు,

మీ పెద్దన్నయ్య అనేక ఆశీస్సులతో వ్రాయునది. నీవూ, బావగారూ, మీ అత్తగారూ, పిల్లలూ కుశలంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. ‘మేము క్షేమం’ అని బహువచనంలో వ్రాయడం వాడుక. అలా వ్రాయడానికి నాకు చేయి రావడం లేదు.

ఉత్తరం పైన ఊరూ తేదీ వేయలేదు. బావగారు వెంటనే గమనిస్తారు. మరచి కాదు. తేదీ ఉంటే, ‘ఇది ఎప్పటి మాటో, ఈపాటికి ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది’ అని పక్కన పెట్టడానికి వీలు చిక్కుతుంది. ఆ వీలు ఇవ్వదలచుకోలేదు. చిరునామా నీకు తెలిసినదే.

ఇక్కడ దసరా పూజలు ముగిశాయి. పందిళ్ళ వెదుళ్ళు విప్పి సందు మొదట పేర్చారు. తెల్లవారుజామున చలి వేస్తోంది, నీవు ఇచ్చిన దుప్పటి చాలుతోంది, ఆ విషయంలో దిగులు పడకు. సాయంత్రమయితే ఇంటింటా బొగ్గుల పొయ్యి రాజేస్తారు. ఆ పొగ పైకి పోదు, మా వాట్‌గంజ్ సందులోనే పరుచుకుంటుంది. కరెంటు పోయిందంటే ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. రేవుకు ఓడలు తగ్గాయని మనవాళ్ళందరూ అనుకుంటున్నారు. గోడల నిండా ఎర్ర అక్షరాలు. వంగ లిపి కూడబలుక్కోవడం కొంత అలవాటయింది. ఊరికే కూర్చోలేక పొద్దున పూట సందులోని మన పిల్లలకు ఓనమాలు దిద్దిస్తున్నాను. వాళ్ళు తెలుగు మాట్లాడతారు కాని, వ్రాయమంటే బిక్కమొగం వేస్తారు. ఎవరైనా ఇటు వస్తుంటే ఓనమాల పుస్తకాలు రెండు మూడు పంపించు. నా భోజనానికి లోటు లేదు. పప్పుచారు, చేపలు, అప్పుడప్పుడు బెండకాయ. లోటు లేదని మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే ముందు వ్రాయబోయేది ఆ భోజనం గురించే.

మన తమ్ముడు సూరి ఆరోగ్యం బాగా దిగజారింది. ఇన్నేళ్ళు ఓడలలో బస్తాలు దించిన ఛాతీ ఇప్పుడు ఊపిరిని దించుకోలేకపోతోంది. పొగ కమ్మగానే దగ్గు మొదలవుతుంది. కాళ్ళు వాచాయి. ఆసుపత్రి డాక్టరు మొదట ఉప్పు పూర్తిగా మానమన్నాడు. మొన్న తీసుకువెళితే కాగితం మీద ఏమీ వ్రాయకుండా, “ఏది ఇష్టమైతే అది పెట్టండి, మాస్టర్‌మొశాయ్” అన్నాడు, పంతులుగారూ అని ఇక్కడి పిలుపు. ఆ వాక్యానికి అర్థం నేను నీకు విప్పి చెప్పనక్కరలేదు.

ఏది ఇష్టమని అడిగితే సూరి కోరినది ఒక్కటే, ఉడకబెట్టిన వేరుశనగకాయలు. మన చేలలో కాయ పీకగానే అమ్మ మట్టి కడిగి, పెద్ద తపేలాలో ఉప్పునీళ్ళు పోసి ఉడకబెట్టేది కదా, అవి. ఈ ఊళ్ళో వేరుశనగ అంటే ఇసుకలో వేయించి పొట్లం కట్టి అమ్మేదే. ఉడకబెడతారంటే ఎదురింటి బెంగాలీ ఆవిడ నవ్వి, అది జబ్బుమనిషి పథ్యమా అని అడిగింది. కాని ప్రతి ఏటా కాయల కాలంలో నీవు సంచి పంపుతావు. రైల్లో చెమ్మగిలి వచ్చిన ఆ పచ్చికాయలను మన మరదలు పైడమ్మ ఆ పూటే ఉడకబెట్టి, సందులో మనవాళ్ళందరికీ దోసిలి చొప్పున పంచుతుందట. సూరికి అదే పండుగ. ఈసారి మీ ఊరి తవిటయ్య సెలవు ముగించుకొని వస్తున్నాడని తెలిసినప్పటినుంచి సూరి గుమ్మం వైపు తల పెట్టి పడుకున్నాడు.

తవిటయ్య వచ్చిన సాయంత్రం పైడమ్మ ముందుగానే పొయ్యి మీద నీళ్ళు పెట్టి, ఉప్పు వేసి మూత పెట్టింది. అతడు సంచి దించి, నా వైపు తిరిగి, పాపం తనకు అప్పగించిన మాటను అక్షరం పోకుండా అప్పజెప్పాడు. “పెద్దన్నియ్యగారూ, ఇవి మీకోసరం ఏయించి పంపినారండి. ఆ ఇంట్ల నీళ్ళు తగిలిన వంట మీరు తినక్కర్నేకుండా, ఆకలేసినప్పుడు ఇవి నోట్ల యేసుకోమన్నారు.”

వరహాలూ, అది ఒకే గది. పొయ్యికీ మంచానికీ మధ్య ఒక మనిషి కూర్చునేంత చోటు. మాట అందరికీ వినపడింది. సూరి చేయి సంచిలో పెట్టి ఒక కాయ తీసి నలిపాడు. అది పుటుక్కున విరిగింది. పైడమ్మ పొయ్యి దగ్గరకు వెళ్ళి, మరుగుతున్న తపేలా దించి, ఆ నీళ్ళు బయట మోరీలో పోసి వచ్చింది. తవిటయ్య తల వంచుకున్నాడు. చివరకు సూరే అన్నాడు. “సంచీ మట్టుకు బాగుందిరా. మా అప్ప ఎప్పుడూ గట్టి సంచీయే పంపుతాది.” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నిన్ను నేను తప్పుపట్టడం లేదమ్మా. నామీద ప్రేమతోనే ఆ కాయలు వేయించావు. నిప్పు మీద వేగినదానికి మైల లేదు, ఉప్పూ నీళ్ళూ తగిలి ఉడికినది అన్నంతో సమానం, అన్నం మాత్రం అందరి చేతిదీ తినకూడదు. ఈ మాట మన ఇళ్ళలో పాలతోపాటు పట్టినది. పైడమ్మ పుట్టింటివారు ఈ నగరంలో వీధులు ఊడ్చి బ్రతికే తెలుగువారని సూరి పెళ్ళినాడు తెలిసినప్పుడు మీ ఇంట ఎవరూ పోట్లాడలేదు. పిలవడం మానారు, అంతే. 

గంగాస్నానానికి నీవూ బావగారూ వచ్చినప్పటి సంగతి తరువాత పైడమ్మను అడిగి తెలుసుకున్నాను. అడగకపోతే ఆమె చెప్పేది కాదు. “వదినగారు గుమ్మంకాడ కూకున్నారండి. అన్నం తిననన్నారు. సెనక్కాయలుడకెట్టనా అంటే అదీ ఒద్దన్నారు. మరైతే ఇసకలో ఏపి ఇచ్చినాను, నవ్వుతా తిన్నారు. నాకు సంతోసమే అయ్యింది. మా ఆయన అప్పుడేటీ అననేదు. వదినగారోళ్ళు రైలెక్కినాక అన్నాడు, ఇసకకున్న పాటి ఇలవ నీ సేతి నీళ్ళకి నేదే అని.” ఆ తరువాత ఆ ఇంట్లో కాయ వేయించలేదట.

తవిటయ్య వచ్చిన మరునాడు నేను ఖిదిర్‌పూర్ బజారంతా తిరిగాను. పచ్చికాయ అన్నది లేదు. ఒక దుకాణంలో వేయించని ఎండుకాయలు దొరికాయి. పైడమ్మ వాటిని ఒకటొకటే మూతి దగ్గర నొక్కి చిట్లించి, ఉప్పునీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పైకి తేలకుండా పళ్ళెం బోర్లించి, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఉడికించింది. దించాక కూడా ఆ నీళ్ళలోనే ఉంచి చల్లార్చింది. ఎంత చేసినా ఎండుకాయ ఎండుకాయే. లోపలి గింజకు ఆ పాలు రాలేదు, ఆ మట్టి వాసనా రాలేదు. సూరి ఒక్కటి నమిలి, గింజ మింగలేక, ఉప్పునీరు మాత్రం చప్పరించి, పళ్ళెం నా వైపు జరిపాడు.

నేను తిన్నాను. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. నేను ఈ ఇంటికి వచ్చిన నాటినుంచి ఆమె చేతి అన్నమే తింటున్నాను. నీవు ఎవరితోనూ చెప్పనవసరం లేకుండా ఉండాలని ఇంతవరకు వ్రాయలేదు, ఇప్పుడు చెప్పవలసి వచ్చింది కనుక వ్రాస్తున్నాను. నేను తిరిగి వచ్చినప్పుడు మీ అత్తగారు నా ఆకు వసారాలో వేయిస్తే వసారాలోనే కూర్చుంటాను. దానికి నాకు బాధ లేదు. నా సంగతి కాదు నేను అడుగుతున్నది.

నేను తింటున్నంతసేపూ సూరి చూస్తూనే ఉన్నాడు.

“ఉప్పు సరిపోయినాదా అన్నియ్యా?” అన్నాడు.

సరిపోయిందన్నాను.

“అయితే అప్పకి రాయి. నాను వొస్తాను. మన మట్టిలో కాయ ఇంకా ఉంటాది కదా. అప్ప పొయ్యి మీద పైడమ్మ ఉడకెట్టాల, అప్ప తినాల. అలాగైతేనే రైలెక్కుతాను. నేదంటే గంగొడ్డుంది, దానికేటి తక్కువ.”

పైడమ్మ వారించింది. మీరొక్కరూ వెళ్ళండి, నేనిక్కడ ఉంటాను, వదినగారిని ఇబ్బంది పెట్టవద్దు అంది. అతడు ఆమె వైపు చూడనైనా చూడలేదు. “నాతోపాటు నిన్నా గుమ్మం దాటించకపోతే, నా ఎనకాల నిన్నెవరు దాటిస్తారే” అన్నాడు. వాళ్ళకు పిల్లలు లేరని నీకు తెలుసు.

ఇదీ విషయం. మన తండ్రిగారి ఇల్లు తుఫానులో పడిపోయిన తరువాత, నాకైనా సూరికైనా పుట్టిల్లంటే నీ ఇల్లే. నేనున్న అద్దె గది ఇక్కడికి వస్తూ వదిలేశాను. వేరొక గుమ్మం ఉంటే నిన్ను ఈ ఇరుకున పెట్టేవాడిని కాను. పడుకోబెట్టి తీసుకువెళితే ప్రయాణం తట్టుకుంటాడని, అయితే ఆలస్యం చేయవద్దని డాక్టరు చెప్పాడు. రైలు పెట్టె దాకా మోయడానికి రేవులో అతని తోటివారు నలుగురు సిద్ధంగా ఉన్నారు. నీ మాట ఒక్కటే రావాలి. ‘తమ్ముణ్ణి తీసుకురా’ అన్న మాట చాలదు. ‘ఇద్దరినీ తీసుకురా, పొయ్యి ఖాళీగా ఉంచుతాను’ అన్నది కావాలి. రానివ్వకపోయినా నీవు నా చెల్లెలివే. నీ మీద నా ప్రేమలో ఏ మార్పూ ఉండదు. కాని అతనితో అబద్ధం ఆడి రైలెక్కించడం నావల్ల కాదు.

మీ అత్తగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? గేదె ఈనిందా? సుశీల పరీక్షకు బాగా చదువుతున్నదనుకుంటాను, దాని దస్తూరి గుండ్రంగా ఉండాలని నా మాటగా చెప్పు. బావగారికి నమస్కారములు. మీ అత్తగారికి సాష్టాంగ నమస్కారములు. ఆవిడ ఆశీర్వచనాన్ని సూరి తరఫున, పైడమ్మ తరఫున కూడా కోరుతున్నాను. పైడమ్మ నీకు నమస్కారం వ్రాయమన్నది.

నీ క్షేమం కోరే పెద్దన్నయ్య,
సన్యాసిరావు

మరొక్క మాట. ఈ ఉత్తరాన్ని నీవు వంటింట్లో కూర్చుని నీలో నీవు కూడబలుక్కోవద్దు. మీ అత్తగారూ, బావగారూ, అందరూ వసారాలో ఉన్న వేళ సుశీల చేత చదివించు. ఇన్నేళ్ళలో మీ ఇంట ఎవరూ సూరిని వద్దనలేదు, వాడి భార్యనూ వద్దనలేదు. ఎవరూ ఏమీ అనకుండానే వాళ్ళు రాకుండా పోయారు. ఈసారి వద్దనదలచినవారు, వాడి కోరిక చెవులారా విన్న తరువాత, నోరు తెరచి ఆ మాట అనాలి. అందుకని ఏ వాక్యమూ దాటవేయకుండా, మొదటినుంచి చివరిదాకా, బిగ్గరగా చదివించమ్మా.