పాలు పోసిన గ్రీన్ టీ

మంగళవారం, నరసరావుపేట

మెదడులో కాపలా కణాలుంటాయట. అవి ఊరికే మంట రేపే కబుర్లు పంపుతుంటే పక్క కణాలు దెబ్బతింటాయట. గ్రీన్ టీలోని పదార్థాలు ఆ కబుర్లను తగ్గిస్తాయేమోనని మా మనవరాలు స్వాతి ల్యాబ్‌లో చూస్తోంది. కళ్లు మూసుకుంటే, వెన్నెల్లో మిరపచేను కావలివాళ్లు ఒకరినొకరు కేకేసుకుంటున్నట్టే ఉంది.

మతిమరుపు జబ్బుతో నన్ను గుర్తుపట్టలేని మా ఆయన కోసం అదే టీ డబ్బా తెచ్చింది. నేను అలవాటుకొద్దీ అల్లం దంచి, పాలూ బెల్లమూ వేసి మరిగించాను.

"ఏంది నాయనమ్మా, పాలు పోశావా!"

"ఉత్త ఆకు నీళ్లు తాగడానికి మీ తాతేమన్నా మేకా? సరే, ఇది తాగితే నేనే సరోజనని తెలుస్తదా?"

"గిన్నెలో పెంచిన కణాల సంగతే నాకు తెలుసు. మనుషుల సంగతి ఇంకా తెలీదు నాయనమ్మా," అని తల వంచుకుంది.

సాయంత్రం అది చెప్పినట్టే పాలు లేకుండా ఇచ్చాను. ఈయన ఒక గుక్క తాగి, నన్నే చూస్తూ, "ఇది మా సరోజ పెట్టిన టీ కాదమ్మా, ఆమెను పిలువు," అన్నారు.

పిలుస్తానని వంటింట్లోకి వెళ్లి, పాలు పోసి తెచ్చాను.

గ్లాసు అందుకుని, "వచ్చావా," అన్నారు.